పరదా వెనక ఫుల్ మీల్స్

తాండూరు స్టేషన్ రోడ్డులో నేను మూడేళ్లపాటు మధ్యాహ్న భోజనం చేసిన హోటల్ ముందు ఒక రేకు బోర్డు ఉండేది. తెలుగులో, ఉర్దూలో, కన్నడంలో ఒకే సంగతి రాయించాడు యజమాని: ఫుల్ మీల్స్, పది అణాలు. దాని కింద చిన్న అక్షరాలతో, తెలుగులో మాత్రమే, ఇంకో వరుస ఉండేది. అన్నం, పప్పు, చారు, మజ్జిగ ఎంతైనా. కూర, అప్పడం ఒక్కసారే. ఆ ‘ఎంతైనా’ అనే మాట మీద నాకున్న కోపం ఇప్పటికీ పూర్తిగా తగ్గలేదు. బడిలో పిల్లలకు ఆ మాట రాయించాల్సి వచ్చినప్పుడు సుద్దముక్కను కాస్త గట్టిగానే నొక్కేదాన్ని.

నేను పుట్టింది మర్పల్లి వైపు ఒక పల్లెలో. అమ్మా నాన్నా ఇతరుల చేలల్లో పనిచేసేవాళ్లు. మిషన్ వాళ్ల పుణ్యమా అని వికారాబాద్‌లో హాస్టల్లో ఉండి చదువుకున్నాను. పోలీసు చర్య జరిగిన ఏడాది నేను ఇంకా గౌన్లు వేసుకునే పిల్లనే. ఆ తర్వాత బడులు ఉర్దూలోంచి తెలుగులోకి మారుతూ వచ్చాయి. తెలుగు చెప్పే ఆడ టీచర్లు ఎక్కడా దొరకడం లేదని, ట్రైనింగు అయీ అవగానే నన్ను తాండూరు ఆడపిల్లల బడికి పంపారు. రైల్లో ఒక్కదాన్నే వెళ్లాను, ఒక ట్రంకు పెట్టె, ఒక చాపచుట్ట పట్టుకుని.

బడికి దగ్గర్లో ఒక పెద్దావిడ ఇంట్లో గది దొరికింది. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. నేను ఏ పల్లె దాన్నో, ఆదివారం ఎక్కడికి వెళ్తానో అడిగి తెలుసుకుంది. తర్వాత ఒకటే షరతు పెట్టింది.

“రూమైతే ఇస్త గానీ పొయ్యి పెట్టొద్దు. మీరు ఏమేమి వండుకుంటరో నాకేం ఎరుక.”

జొన్నరొట్టె, పచ్చి పులుసు తప్ప నాకు ఏమీ వండటం రాదని చెప్పినా వినలేదు. ఇంకో గది దొరికే ఆశ లేదు. ఒంటరి ఆడపిల్లకు ఊళ్లో ఇల్లివ్వడమే గొప్ప అన్నట్టు ఉండేది అప్పటి వరస. సరేనన్నాను. రాత్రికి బ్రెడ్డో అటుకులో నమిలి పడుకోవచ్చు. మధ్యాహ్నానికి మాత్రం అన్నం కావాలి. అలా ఆ హోటల్‌కి వెళ్లాను.

యజమాని కన్నడం వైపు నుంచి వచ్చినవాడు. నొసట విబూది, తెల్లటి చొక్కా, గల్లాపెట్టె ముందు ఎప్పుడూ అదే కుర్చీ. తెలుగు బాగానే మాట్లాడేవాడు. ఊళ్లో అందరూ అతన్ని సేట్ అనే పిలిచేవాళ్లు. ముందు డబ్బులిచ్చి టికెట్టు తీసుకోవాలి, తర్వాతే భోజనం. నేను డబ్బులు పెట్టగానే అతను టికెట్టు చింపకుండా ఆగాడు.

“మీరు ఏమోళ్లమ్మా?”

“ఆడపిల్లల బడిల టీచర్ని,” అన్నాను.

అడిగింది అది కాదని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. అతను ఒక క్షణం ఆలోచించి టికెట్టు చింపి ఇచ్చాడు. “అట్లయితే లోపల కూసోండి. ఆడోళ్లకు లోపల జాగ ఉన్నది.”

ముందు హాలులో ఆరు బల్లలు. వాటి మీద నున్నగా చెక్కిన తాండూరు బండలు. గోడకు గడియారం, పైన తిరిగే ఫ్యాను. హాలు వెనక చెక్కలతో అడ్డం కట్టి, ఒకప్పుడు ఆకుపచ్చగా ఉండిన దుప్పటిని పరదాగా వేలాడదీశారు. ఆడవాళ్ల గది అంటే అదే. లోపల ఒక బల్ల, రెండు బెంచీలు, ఎత్తున చిన్న కిటికీ. వెనక గోడకు మూసిన తలుపు ఒకటి ఉంది, దాని ముందు ఖాళీ నూనె డబ్బాలు పేర్చి ఉన్నాయి. ఫ్యాను గాలి పరదా దాకా వచ్చి అక్కడే ఆగిపోయేది.

మొదటి రోజు నాకు ఏ అనుమానమూ రాలేదు. వడ్డించే ఆయన వచ్చి మోదుగాకు విస్తరి వేశాడు. యాభై ఏళ్లుంటాయి, సన్నగా, భుజాన తువ్వాలుతో ఉండేవాడు. హోటల్ మొత్తానికి వడ్డించేది ఆయన ఒక్కడే. ఒక గరిటెడు అన్నం, దాని మీద చెంచాడు పప్పు, ఒక పక్క వంకాయ కూర, అంచున పచ్చడి, ఒక అప్పడం వేసి వెళ్లిపోయాడు. అన్నం తక్కువగా అనిపించింది గానీ, ‘ఎంతైనా’ అని బోర్డు మీద ఉంది కదా, మళ్లీ వస్తాడులే అనుకున్నాను. పప్పన్నం తిన్నాను. చారుతో తినడానికని సగం అప్పడం దాచుకుని కూర్చున్నాను.

ఆయన రాలేదు. పరదా అవతల గరిటెల చప్పుడు, “పప్పు ఇటు”, “మజ్జిగ తే” అనే కేకలు, ఆయన “వస్తున్న, వస్తున్న” అనడం అన్నీ వినిపించాయి. నేను దగ్గాను. గాజులు చప్పుడు చేశాను. చివరికి, “ఇటు జర అన్నం,” అని అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. ఆకు ఆరిపోయింది. బడి గంట కొట్టే వేళయింది. సగం అప్పడం నోట్లో వేసుకుని లేచి వచ్చేశాను.

రెండో రోజూ అంతే. మూడో రోజు ఆయన వడ్డిస్తున్నప్పుడే పట్టుకున్నాను.

“ఇంకింత వెయ్యండి. మళ్ల మీరు రారు.”

“తిన్నంక ఏస్త కదమ్మా. ఒకేసారి అంత ఏస్తే పారేస్తరు,” అన్నాడాయన.

“నేను పారెయ్య.”

“అందరు గట్లనే అంటరు.”

ఇంకో గరిటె వెయ్యకుండానే వెళ్లిపోయాడు. ఆయన్ని అనడానికి నాకు మనసొప్పేది కాదు. ఆరు బల్లల మగవాళ్లు ఆయన్ని నిలబడనిచ్చేవాళ్లు కాదు. ఎదురుగా కూర్చుని, కళ్లలోకి చూసి, చెయ్యి ఊపి పిలిచేవాళ్లకు ముందు వడ్డిస్తాడు ఎవరైనా. కనబడనివాళ్లు గుర్తుకు రారు. కొన్ని రోజులైతే నా దాకా వచ్చేసరికి పప్పు అయిపోయేది. చుట్టుపక్కల చేలన్నీ కందులే, ఊళ్లో ఎటు చూసినా కందిపప్పు మిల్లులే. అలాంటి తాండూరులో కూర్చుని నేను నీళ్ల చారుతో అన్నం తింటున్నానని ఇంటికి ఉత్తరం రాస్తే, అమ్మ ఎవరిచేతనో చదివించుకుని నవ్విందట. నాకు నవ్వు రాలేదు.

నెల గడిచాక సేట్ దగ్గరికి వెళ్లాను. చెప్పాల్సింది రాత్రంతా మనసులో వల్లించుకున్నాను.

“సేట్, బయట కూసున్నోళ్లు నాలుగుసార్లు తింటున్నరు. లోపల మాకు ఒక్కసారే వస్తున్నది. పైసలేమో అందరికి ఒక్కటే తీసుకుంటున్నరు.”

“ఫుల్ మీల్స్ అమ్మా ఇది. ధర అందరికి ఒక్కటే. ఎంత తింటరనేది మీ ఇష్టం.”

“తినాలంటే తెచ్చిపెట్టాలె గదా.”

“అడగండి. అడిగితే ఎవరన్న లేదన్నరా?”

“అడుగుతున్న. వినవడ్తలేదు.”

“అయితే జర గట్టిగ అడగండి.”

“గట్టిగ అడిగితే హాలంత ఇటు తిరిగి చూస్తరు.”

అతను చాలా మర్యాదగా విన్నాడు. అదే నాకు ఇంకా చిరాకు. కోప్పడి ఉంటే నేనూ కోప్పడేదాన్ని. “అట్లయితే నాకు సగం మీల్స్ ఇయ్యండి, సగం పైసలు తీసుకోండి,” అన్నాను. సగం మీల్స్ అనేది లేదన్నాడు. ఒక అప్పడం తగ్గించి రెండు గరిటెలు అన్నం వేయమన్నాను. మీల్స్‌లో మార్పిడి ఉండదన్నాడు. చివరికి, “మీరు చదువుకున్నోళ్లు, మీకు ఒక ఇంతెజాం చేస్త,” అన్నాడు.

ఆ ఏర్పాటు ఏమిటంటే గంట. సంతలో ఎడ్ల మెడకు కట్టే కంచు గంటను తెచ్చి, హాలు వైపు చెక్కకు వేలాడదీశాడు. దానికి కట్టిన తాడును చెక్కకు చేసిన కన్నంలోంచి మా గదిలోకి వదిలాడు. ఏం కావాలన్నా తాడు లాగాలి. అతను ఎంతో సంబరంగా ఒకసారి లాగి చూపించాడు కూడా.

రెండు రోజులు గంట బాగానే పనిచేసింది. లాగగానే వడ్డించే ఆయన పరుగున వచ్చేవాడు. మొదటిసారిగా ఆ హోటల్లో చారన్నం మీద మజ్జిగన్నం తిన్నాను. మూడో రోజు గంట మోగగానే హాల్లో ఎవరో, “టీచరమ్మకు ఇంకింత బువ్వ,” అన్నారు. అందరూ నవ్వారు. మళ్లీ మోగించినప్పుడు ఇంకొకరు, “రెండోది,” అని లెక్కపెట్టారు. మజ్జిగ కోసం తాడు పట్టుకున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది. నేను ఏమి తింటున్నానో ఎన్నిసార్లు తింటున్నానో ఊరంతటికీ చాటింపు వేసే ఏర్పాటు అది. దానికి నేనే అర్జీ పెట్టుకున్నాను.

వారం తిరక్కుండా మా పెద్ద టీచరమ్మ నన్ను తన గదిలోకి పిలిచింది. ఆమె మంచిదే, బడి పేరు గురించి మాత్రం ఎప్పుడూ బెంగ.

“కూర్చో అమ్మా. హోటల్ల ఏదో గంట కొడ్తున్నవట గదా.”

“అన్నం అడగడానికి, మేడం.”

“అడుగు, తప్పులేదు. ఎన్నిసార్లు కొడ్తున్నవు?”

“రెండుసార్లు. ఒక్కోపారి మూడు.”

ఆమె పెన్ను మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది. “నిన్న ఒక పిల్ల తండ్రి వచ్చి నవ్వుకుంట చెప్పిపోయిండు. బడి పేరు పోతదమ్మా. ఒక్కసారికి మించి కొట్టకు.”

నేను ఆకలి గురించి ఏదో చెప్పబోయాను. ఎదుటివాళ్లకు ఆకలి గురించి చెప్పడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. మాట పూర్తిచేయకుండానే సరేనండి అని వచ్చేశాను. ఆ రోజు నుంచి తాడు ముట్టుకోలేదు.

మధ్యాహ్నం క్లాసులు నాకు గండంగా మారాయి. మూడు గంటలయ్యేసరికి కళ్లకు మసకలు కమ్మేవి. ఒకరోజు ఎక్కాలు చెప్పిస్తుంటే చివరి వరసలో ఒక పిల్ల ఒళ్లో దాచుకున్న వేయించిన శనగలు తింటోంది. ఆ వాసన నా దాకా వచ్చింది. వెళ్లి ఆ పిల్ల చేతిమీద స్కేలుతో కొట్టాను. శనగలన్నీ నేలమీద పడ్డాయి. ఆ పిల్ల ఏడవలేదు, వంగి ఒక్కొక్కటే ఏరుకుంది. క్లాసులో తింటున్నందుకు కొట్టానని అందరూ అనుకున్నారు. ఎందుకు కొట్టానో నాకు తెలుసు. సాయంత్రం గదికి వెళ్లి ప్రార్థన చేసుకుందామంటే మాట రాలేదు.

మర్నాడు నేను పరదా వెనక్కి వెళ్లలేదు. ముందు హాల్లో, గడియారం కింద బల్ల దగ్గర కూర్చున్నాను. నా పక్కన తింటున్న ఇద్దరు మగవాళ్లు చేతులు కడుక్కోవడానికి లేచారు, విస్తళ్లలో అన్నం ఇంకా ఉండగానే. వడ్డించే ఆయన విస్తరి పట్టుకుని సేట్ వైపు చూశాడు. సేట్ కుర్చీలోంచి లేచి నా దగ్గరికి వచ్చాడు.

“టీచరమ్మా, నా హోటల్ నడవాల్నా, వద్దా?” గొంతు తగ్గించి అడిగాడు.

“నేనేం చేసిన సేట్? బువ్వకొచ్చిన.”

“దండం పెడ్త. లోపలికి పోండి. ఇయ్యాల నేనే స్వయంగ వడ్డిస్త.”

ఏదో గట్టిగా అనాలనుకుంటూనే లేచి పరదా వెనక్కి వెళ్లాను. అన్న మాట ప్రకారం సేట్ స్వయంగా వడ్డించాడు. ఆ ఒక్క రోజు. మర్నాటి నుంచి మళ్లీ ఒక గరిటె అన్నం, చెంచాడు పప్పు.

అలా ఏడాది గడిచాక ఒక మధ్యాహ్నం ఒక అవ్వ వచ్చింది. యాలాల్ దగ్గరి పల్లె. వాళ్లు గొర్లు కాచేవాళ్లు. కొడుకుతో కలిసి తాండూరుకు గొర్లు అమ్మడానికి వచ్చింది. అమ్మకం బాగా సాగిందేమో, కొడుకు ఆమెకూ ఒక టికెట్టు తీసి, లోపలికి పంపి, తాను హాల్లో కూర్చున్నాడు. ఆమె గొంగడి తీసి బెంచీ మీద పెట్టి, దాని పక్కన కూర్చుంది. హోటల్లో తినడం ఆమెకు అదే మొదలట.

“బిడ్డా, పది అణాలకు ఏమేం పెడ్తరు?” అని నన్నడిగింది.

బోర్డు మీద ఉన్నది చదివినట్టు చెప్పాను.

“ఎంతైనా పెడ్తరా? కడుపు నిండంగ?”

“రాసైతే ఉన్నది అవ్వా.”

వడ్డించే ఆయన ఇద్దరికీ వడ్డించి వెళ్లిపోయాడు. అవ్వ నాలుగు ముద్దల్లో ఆ అన్నం ముగించింది. మోకాలి మీద ఎడమ చెయ్యి పెట్టుకుని పరదా వైపు చూస్తూ కూర్చుంది. కొంచెంసేపు చూసి, “ఏడి ఆయన?” అంది.

“రాడు అవ్వా.”

“రాకుంటెట్ల? పిలువకపోయినవా?”

“పిలిస్తే వినవడది. ఆ తాడు గుంజాలె. గుంజితే బయటోళ్లు నవ్వుతరు.”

అవ్వ తాడును చూసి నన్ను చూసింది. “నవ్వితే నవ్వనీ. మనకేం పోతది?” అని ఎడమ చేత్తో గుంజింది. ఒకసారి కాదు, వదలకుండా. గంట మోగుతూనే ఉంది. హాల్లో నవ్వులు వినబడ్డాయి. “వస్తున్న,” అన్న మాటా వినబడింది. మనిషి మాత్రం రాలేదు. ఆ రోజు సంత వల్ల హోటల్ కిటకిటలాడుతోంది. అవ్వ తాడు వదిలేసింది.

“గా తలుపెన్క ఏమున్నది?” అని వెనక గోడ వైపు చూపించింది.

నేను ఏడాదిగా ఆ తలుపుకు వీపు పెట్టుకుని తింటున్నాను. అవతల ఏముందో ఎన్నడూ ఆలోచించలేదు. పోపు వాసన మాత్రం అటు నుంచే వచ్చేది. “వంటిల్లేమో,” అన్నాను.

అవ్వ లేచింది. ఎంగిలి చెయ్యి పైకెత్తి పట్టుకుని ఎడమ చేత్తో నూనె డబ్బాలను ఒక్కొక్కటే పక్కకు జరిపింది. నేను వద్దని అనాలా సాయం చెయ్యాలా తేల్చుకోలేక నిలబడ్డాను. చివరి రెండు డబ్బాలు నేనే తీశాను. అవ్వ తలుపు మీద దబదబా కొట్టింది.

లోపల గడియ తీసిన చప్పుడైంది. తలుపు సగం తెరుచుకుంది. పొగలో ఒక ఆడమనిషి నిలబడి ఉంది, ముప్పై అయిదేళ్లుంటాయి, మోచేతుల దాకా చెమట, కొంగు నడుముకు బిగించి ఉంది. ఆమె వెనక పెద్ద గుండిగలో అన్నం ఆవిర్లు కక్కుతోంది. ఆమె సేట్ భార్య. హోటల్లో ఇన్ని రోజులు తిన్నా ఆమె ఒకతె ఉందని నాకు తెలియదు.

“ఎవరమ్మా? ఏం గావాలె?”

“బువ్వ గావాలె. పైసలిచ్చినం,” అంది అవ్వ.

“వడ్డించలేదా?”

“ఒక్కపారి ఏసి పోయిండు. మల్ల రాలే. ఈ బిడ్డకు రోజు గట్లనేనట.”

ఆమె నా విస్తరి వైపు, అవ్వ విస్తరి వైపు చూసింది. “మా ఆయన మల్ల ఏరే చెప్తడు. ఆడోళ్లు ఒక్కసారి కన్న ఎక్కువ తినరు, లోపల నుంచి రెండోసారి అడిగినోళ్లే లేరు అంటడు. నేను నిజమే అనుకున్న.”

“నువ్వు ఆడిదానివి గాదా? నువ్వెంత తింటవు?” అని అడిగింది అవ్వ.

సేట్ భార్య లోపలికి వెళ్లి అన్నం గిన్నె, పప్పు గిన్నె చెరో చేత్తో పట్టుకుని వచ్చింది. అవ్వ నాలుగుసార్లు వేయించుకుంది. నేను మూడుసార్లు. పప్పు గట్టిగా, వెల్లుల్లి పోపుతో ఉంది. బయట హాల్లోకి వెళ్లేసరికి దానికి నీళ్లు ఎక్కడ కలుస్తాయో నాకు తెలియదు.

డబ్బాలు జరిపిన చప్పుడుకు సేట్ పరదా ఎత్తి తొంగిచూశాడు. తెరిచిన తలుపును చూసి కన్నడంలో ఏదో అన్నాడు. భార్య గరిటె దించకుండా కన్నడంలోనే జవాబు చెప్పింది. పెద్ద మాటలేమీ కాదనుకుంటాను, చాలా పొట్టిగా ఉన్నాయి. అతను పరదా వదిలి వెళ్లిపోయాడు. ఆ తలుపు మళ్లీ మూతపడలేదు.

కథ ఇక్కడితో సుఖాంతమైతే బాగుండేది. కాలేదు. ఆడవాళ్ల గదిలో కడుపునిండా పెడుతున్నారన్న సంగతి నెలలోపు మిల్లుల్లో పప్పు చెరిగే ఆడవాళ్లకు తెలిసిపోయింది. సంతకు వచ్చేవాళ్లకూ తెలిసింది. రెండు బెంచీలు నిండిపోయాయి. గంట టైములో భోజనం చేసి బడికి పరుగెత్తాల్సిన నాకు కూర్చోవడానికి చోటు లేదు. గోడకు ఆనుకుని, ఎవరు చెయ్యి కడుక్కుంటారా అని చూస్తూ నిలబడేదాన్ని. చోటు దొరికాక ఇంకో బాధ. సేట్ భార్యకు ఇప్పుడు అనుమానం, ఎవరైనా అర్ధాకలితో లేచిపోతున్నారేమోనని. విస్తరికి చెయ్యి అడ్డం పెట్టినా పక్కనుంచి వేసేది.

“చాలు అక్కా, బడికి పోవాలె.”

“జెరంతనే తంగీ.” కన్నడంలో తంగి అంటే చెల్లెలు.

“నిన్న గూడ జెరంతనే అని ఇంత పెట్టినవు. ఇయ్యాల పారేసుడైతది.”

“నువ్వు పారెయ్యవు, నాకెరుకే.”

నిజంగానే పారెయ్యలేకపోయేదాన్ని. మా ఇంట్లో మెతుకు పారేస్తే అమ్మ ఊరుకునేది కాదు. బిగిసిపోయిన పొట్టతో క్లాసుకు వెళ్లేదాన్ని. ముందు ఆకలితో కళ్లు మసకబారేవి, ఇప్పుడు నిద్రతో మూతలు పడేవి. పెద్ద టీచరమ్మ ఒకసారి కిటికీలోంచి చూసి వెళ్లింది. సేట్ మాత్రం నేను టికెట్టుకు వచ్చినప్పుడల్లా, “మీరు వచ్చినంక నా బియ్యం బస్తా నాలుగు రోజులు గూడ ఆగుతలేదు టీచరమ్మా,” అని నిట్టూర్చేవాడు. నేను టికెట్టు తీసుకుని లోపలికి వెళ్లేదాన్ని. ఎవరి బాధ వాళ్లది.

మూడో ఏడు నాకు వికారాబాద్‌కు బదిలీ ఆర్డరు వచ్చింది. అప్పటికి అణాలు పోయి నయాపైసలు వచ్చాయి. బోర్డు మీద ధర మీద రంగు పూసి కొత్త ధర రాశారు. నేను వెళ్లిపోయే వారంలో ఒకరోజు జోరున వాన. సంత లేదు, మిల్లు ఆడవాళ్లు రాలేదు. గదిలో నేనొక్కదాన్నే. తినడం అయిపోయి లేవబోతుంటే సేట్ భార్య తలుపులోంచి వచ్చి నా ఎదురు బెంచీ మీద కూర్చుంది. ఆమె ఆ బెంచీ మీద కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

“తంగీ, నాకు జెర వడ్డిస్తవా?”

అర్థంకాక చూశాను.

“రోజు మూడు దాటినంక గుండిగల అడుగున మిగిలిన బువ్వ ఇంత మజ్జిగ పోసుకొని నిలవడి తింట. ఇయ్యాల కూసోని తినాలని ఉన్నది. మీ లెక్కనే. టికెట్టు గూడ తెమ్మంటే తెస్త.”

బడి గంట ఎప్పుడో కొట్టి ఉంటారు. ఆలస్యమైతే రిజిస్టరులో ఎర్ర గీత పడుతుంది. ఆ మాట చెబుదామనుకున్నాను. ఆమె అప్పటికే విస్తరి వేసుకుని, దాని మీద నీళ్లు చల్లుకుని, చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఎదురుచూస్తోంది. వంటింట్లోకి వెళ్లాను. పొయ్యి దగ్గర ఒక్క నిమిషం నిలబడ్డానో లేదో, చీరంతా చెమటకు తడిసిపోయింది. అన్నం, పప్పు, కూర, అప్పడం, వరసగా వడ్డించాను. ఆమె తలవంచుకుని, తొందర లేకుండా తింది. బయట నుంచి వడ్డించే ఆయన, “పప్పు అయిపోయింది,” అని రెండుసార్లు అరిచాడు. “ఆగు,” అంది ఆమె తల ఎత్తకుండా. మూడోసారి సేట్ స్వయంగా పిలిచాడు. ఆమె నన్ను చూసి, “చారు పొయ్యి,” అంది.

చారు పోశాను. కలుపుకుని ఒక ముద్ద తిని ఆగింది. ఇంకో ముద్ద తింది. మొహం చిట్లించుకుంది.

“చారుల ఉప్పే లేదు గదా.”

“రోజు అంతనే ఉంటది అక్కా,” అన్నాను.

“రోజా?”

“నేను వచ్చినప్పటి నుంచి.”

ఆమె చెయ్యి విస్తరిలో ఆగిపోయింది. “మూడేండ్లు తిన్నవు. ఇంత చదువుకున్నవు. ఒక్కనాడన్న చెప్పొద్దా నాకు?”

నిజంగా కోపమే వచ్చింది ఆమెకు. మొదట్లో చారు నా దాకా రావడమే గగనంగా ఉండేది, తర్వాత నోరు తెరిస్తే ఇంకో గరిటె పోస్తుందని భయం. ఈ రెంటి మధ్య ఉప్పు సంగతి నాకు తట్టనే లేదు. లోపలికి వెళ్లి ఉప్పు తెచ్చి ఆమె విస్తరి అంచున పెట్టాను. ఆమె దాన్ని చారులో కలుపుకుంటూ, నాలాంటివాళ్లు హోటల్లో తిని ఏం లాభమని గొణుగుతూనే ఉంది. నేను గొడుగు తీసుకుని వానలో బడికి పరుగెత్తాను. రిజిస్టరులో నా పేరు ఎదురుగా ఎర్ర గీత అప్పటికే పడి ఉంది.